చెప్పేది ఎవరు, చూసేది ఎవరు

నవల సినిమాగా మారినప్పుడల్లా మనం అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఏం వదిలేశారు, ఏం మార్చేశారు? కోడూరి కౌసల్యాదేవి 'చక్రభ్రమణం' చదివి 'డాక్టర్ చక్రవర్తి' (1964) చూసినవాళ్లు అడిగింది అదే. యద్దనపూడి 'సెక్రటరీ' చదివి 1976లో అదే పేరుతో వచ్చిన సినిమాకు వెళ్లినవాళ్లు అడిగిందీ అదే. మామూలు నవలలకు ఈ కొలత సరిపోతుంది. ఒక కోవ నవలల దగ్గర మాత్రం ఇది పనికిరాదు. స్త్రీని ప్రేమించిన స్త్రీల గత జీవితాలను ఈ కాలం రచయిత్రులు ఊహించి రాసిన నవలలవి, లెస్బియన్ చారిత్రక నవలలు. వీటిలో బాగా పేరొచ్చినవి బ్రిటిష్ రచయిత్రి సారా వాటర్స్ పుస్తకాలు. 'టిప్పింగ్ ద వెల్వెట్' (1998), 'అఫినిటీ' (1999), 'ఫింగర్‌స్మిత్' (2002) మూడూ విక్టోరియా రాణి కాలం నాటి కథలే, మూడూ తెరకెక్కాయి. వీటిలో ఏం జరిగిందన్నది ఎంత ముఖ్యమో, దాన్ని ఎవరు చెబుతున్నారన్నది అంతకన్నా ముఖ్యం. సంఘటనలన్నీ మక్కీకి మక్కీ దించి ఆ చెప్పే గొంతును మాత్రం వదిలేసిన సినిమా మూలానికి కట్టుబడినట్టు కాదు. ఊరూ పేరూ దేశమూ మార్చేసినా, ఆ గొంతుకు తెర మీద చోటు వెతికిన సినిమాయే మూలానికి దగ్గర. ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్లాలి.

బ్రిటన్‌లో 1885 నాటి చట్టం పురుషుల మధ్య సంబంధాలను నేరం చేసింది, స్త్రీల ఊసెత్తలేదు. 1921లో స్త్రీలకూ దాన్ని వర్తింపజేయాలని కామన్స్ సభ ఒక క్లాజు చేర్చింది. ప్రభువుల సభ దాన్ని తోసిపుచ్చింది. దయతో కాదు. ఇలాంటిది ఒకటుందని చాలామంది ఆడవాళ్లకు తెలియదు, చట్టం చేసి మనమే తెలియజెప్పినట్టవుతుందని అక్కడి పెద్దలు వాదించారు. శిక్షించడం కన్నా మాట్లాడకపోవడమే మంచిదనుకున్నారన్నమాట. 1928లో రాడ్‌క్లిఫ్ హాల్ 'ద వెల్ ఆఫ్ లోన్‌లీనెస్' అనే నవలలో మాట్లాడింది. లండన్ మేజిస్ట్రేటు ఆ పుస్తకం ప్రతులను ధ్వంసం చేయమని ఉత్తర్వు ఇచ్చాడు. ఇదే కాలంలో మగవాళ్లు ఆడవాళ్ల కోరికల గురించి రాసుకున్నవి, పోగుచేసుకున్నవి మాత్రం భద్రంగా ఉన్నాయి. హెన్రీ స్పెన్సర్ ఆష్బీ అనే సంపన్న వ్యాపారి శృంగార, అశ్లీల గ్రంథాలకు మూడు సంపుటాల సూచిక తయారుచేశాడు. 1900లో ఆయన చనిపోయాక, సెర్వాంటెస్ పుస్తకాల అపురూప సేకరణతో పాటు ఆ గ్రంథాలూ బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. అంటే, స్త్రీల మధ్య ప్రేమ ఎలా ఉంటుందో మగవాళ్లు ఊహించుకుని రాసింది జాతీయ గ్రంథాలయంలో కొలువుదీరింది. ఆ స్త్రీలు తమ గురించి తాము చెప్పుకున్నది మాత్రం చాలావరకు కాలిపోయింది, చిరిగిపోయింది, లేదా అసలు రాయబడనే లేదు. ఈ చట్టాల నీడ మనకూ కొత్త కాదు. 1860లో బ్రిటిష్‌వాళ్లు రాసిపెట్టిన భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ పట్టు సడలడానికి 2018 సెప్టెంబరు 6 దాకా, సుప్రీంకోర్టు తీర్పు దాకా, ఆగాల్సి వచ్చింది. లెస్బియన్, గే చారిత్రక సాహిత్యం మీదే డాక్టరేట్ చేసిన వాటర్స్‌కు ఈ ఖాళీ ఎంత పెద్దదో బాగా తెలుసు. అందుకే ఆమె మొదటి మూడు నవలల్లోనూ కథ చెప్పేది 'నేను' అనే స్త్రీయే. లేని సాక్ష్యాన్ని కల్పనతో పూరించే పని అది.

'ఫింగర్‌స్మిత్'లో ఈ పని ఎంత లోతుగా జరిగిందో చూడాలి. మలుపులు బయటపెట్టకుండా దీని గురించి వాదించలేను, చదవబోయేవాళ్లు మన్నించాలి. 1860ల లండన్‌లో దొంగల ఇంట పెరిగిన సూ ట్రిండర్ అనే పిల్లను, జెంటిల్‌మన్ అని పిలిపించుకునే ఒక మోసగాడు బ్రయర్ అనే పల్లెటూరి బంగళాకు పనిమనిషిగా పంపుతాడు. అక్కడ మామయ్య దగ్గర ఉంటున్న మాడ్ లిల్లీని అతను పెళ్లాడి, ఆస్తి కాజేసి, పిచ్చాసుపత్రిలో వేయించాలి. అందుకు సూ సాయపడాలి. మొదటి భాగం సూ చెబుతుంది. ఆసుపత్రి గుమ్మంలో డాక్టర్లు పట్టుకున్నది మాడ్‌ను కాదు, తననే అని తెలిసేసరికి ఆ భాగం ముగుస్తుంది. రెండో భాగంలో అదే కథను మాడ్ మొదలుపెడుతుంది. అప్పుడు తెలుస్తుంది మామయ్య గ్రంథాలయం ఎలాంటిదో. చిన్నప్పటి నుంచీ చేతులకు గ్లౌజులు తొడిగి, అశ్లీల పుస్తకాలను పెద్దమనుషుల ముందు పైకి చదవడానికి ఆయన ఆ పిల్లను తయారుచేశాడు. ఈ మామయ్యకు మూలం పైన చెప్పిన ఆష్బీయే. గ్రంథాలయం నేలలో వేలు చూపిస్తున్న ఇత్తడి చెయ్యి ఒకటి బిగించి ఉంటుంది. దాన్ని దాటి ఎవరూ రాకూడదు. సూ కి అక్షరం ముక్క రాదు. మాడ్‌కు అక్షరాలే సంకెళ్లు. ఒక సన్నివేశంలో మాడ్ పన్ను మొనదేలి నోట్లో గీరుకుంటోంటే, కుట్టుపని అంగుస్తానా వేలికి తొడుక్కుని సూ ఆ పన్నును అరగదీస్తుంది. పనిమనిషి చేసే మామూలు సేవే అది. కానీ దాన్ని చెబుతున్న గొంతు తడబడుతోందని, తనకే తెలియనిది ఏదో బయటపెడుతోందని పాఠకుడు పసిగడతాడు. సూ చెప్పినప్పుడు మాడ్ అమాయకురాలు, మాడ్ చెప్పినప్పుడు సూ అమాయకురాలు. ఇద్దరూ ఒకరినొకరు ప్రేమిస్తూనే మోసం చేసుకున్నారని రెండు కథలూ పక్కపక్కన పెట్టుకున్న పాఠకుడికి తెలిసిపోతుంది, వాళ్లకు తెలియదు. ఈ ప్రేమకథ ఉండే చోటు అదే, రెండు వాంగ్మూలాల మధ్య.

బీబీసీ 2005లో దీన్ని సీరియల్‌గా తీసింది. దర్శకురాలు ఆష్లింగ్ వాల్ష్. సూ గా సాలీ హాకిన్స్, మాడ్‌గా ఎలైన్ క్యాసిడీ నటించారు. కథకు కట్టుబడిన పని. పుట్టుకతోనే ఇద్దరు పిల్లలూ మారిపోయారన్న రహస్యం, సూ ను పెంచిన తల్లి ఉరికంబం ఎక్కడం అన్నీ ఉన్నాయి. పదకొండేళ్ల తర్వాత కొరియా దర్శకుడు పార్క్ చాన్-వుక్ 'ద హ్యాండ్‌మైడెన్' (2016) తీశాడు. కథను జపాన్ ఏలుబడిలోని 1930ల కొరియాకు మార్చాడు. సూ స్థానంలో సుక్-హీ, మాడ్ స్థానంలో జపాన్ యువతి హిడెకో వచ్చారు. పుట్టుక రహస్యాన్ని ఎత్తేశాడు. ఉరికంబం లేదు. కథ మధ్యలోనే అమ్మాయిలిద్దరూ నిజం చెప్పుకుని, మోసగాడినే మోసం చేయడానికి చేతులు కలుపుతారు. ఎన్ని మారాయో లెక్కపెట్టేవాళ్లు బీబీసీకి నూటికి తొంభై, పార్క్‌కు నలభై మార్కులు వేస్తారు. నేను అలా వేయను. సినిమాను మూడు భాగాలు చేసి, మొదట సుక్-హీ గొంతుతో, తర్వాత హిడెకో గొంతుతో అవే సంఘటనలను తిరిగి చూపించడం ద్వారా నవలకు వెన్నెముక లాంటి నిర్మాణాన్ని పార్క్ నిలబెట్టాడు. పైగా దానికి వలసపాలన అనే ఇంకో పొర కలిపాడు. ఆ మామయ్య కొరియావాడే, జపాన్‌వాడు కావాలని తపిస్తాడు. అతని పుస్తకాలు జపాన్ భాషలో ఉంటాయి. హిడెకోకు ఆ భాషంటేనే విసుగు, పనిమనిషితో కొరియన్‌లో మాట్లాడటం ఆమెకు ఇష్టం. సబ్‌టైటిళ్లలో కొరియన్ మాటలు తెలుపులో, జపాన్ మాటలు పసుపులో వస్తాయి. ఏ భాష ఎవరి చెరలో ఉందో రంగే చెబుతుంది. లండన్ కథలో ఇది లేదు. అయినా నవల అడిగిన ప్రశ్నే ఇది కూడా: ఎవరి మాటలతో నన్ను నేను చెప్పుకోవాలి?

గ్రంథాలయాన్ని నాశనం చేసే దృశ్యం దగ్గర కాసేపు ఆగాలి. నవలలో ఆ పని మాడ్ ఒంటరిగా చేస్తుంది. బంగళా విడిచి పారిపోయే రాత్రి మామయ్య క్షవరపు కత్తితోనే పుస్తకాలను కోస్తుంది. సూ కి ఆ సంగతి తెలియదు. సినిమాలో హిడెకో ఆ పుస్తకాలను సుక్-హీకి చూపిస్తుంది. చదువు రాకపోయినా బొమ్మలు చూసి సుక్-హీ అర్థం చేసుకుంటుంది, ఇన్నాళ్లూ ఈ పిల్లతో చదివించింది ఇదా అని. మొదట చించేది ఆమే. కాగితాలను నేల కింది నీళ్లలోకి విసురుతుంది, సిరా కుమ్మరిస్తుంది, కాళ్లతో తొక్కుతుంది. హిడెకో మొదట బిగుసుకుపోయి నిలబడి, తర్వాత మెల్లగా చెయ్యి కలుపుతుంది. ఇత్తడి చెయ్యి బదులు ఇక్కడ గుమ్మం దగ్గర పాము బొమ్మ ఉంటుంది, దాన్నీ పగలగొడతారు. నవలలో లేని దృశ్యమిది. ఇద్దరూ ఒకరి గురించి ఒకరు తెలుసుకోవడం నవలలో పాఠకుడి తలలో జరిగితే, ఇక్కడ రెండు జతల చేతుల్లో జరుగుతుంది. తెరకు తెలిసిన భాషలో ఆ పనిని మళ్లీ చేయడమంటే ఇదే. ఆ తర్వాత మామయ్య నేలమాళిగలో మోసగాణ్ణి బంధించి, వేళ్లు నరుకుతూ, పెళ్లిరాత్రి ఏం జరిగిందో చెప్పమని పీడిస్తాడు. అతనికి పగ కన్నా కథే కావాలి. ఆ రాత్రి జరిగిందేమీ లేదని మనకు తెలుసు. మగవాళ్లు ఇంకా ఆ స్త్రీల గురించి కథలు అడుగుతూ, అల్లుతూ చచ్చిపోతారు. ఆ స్త్రీలు అప్పటికే ఆ కథలోంచి వెళ్లిపోయారు. వాటర్స్ ఈ సినిమాను మెచ్చుకున్నదంటే ఆశ్చర్యం లేదు.

గొంతు తెరకు లొంగని చోట్లూ ఉన్నాయి, వాటినీ ఒప్పుకోవాలి. 'అఫినిటీ' పూర్తిగా డైరీల నవల. 1870లలో మిల్‌బ్యాంక్ జైలుకు పరామర్శకు వెళ్లే మార్గరెట్ ప్రయర్ అనే సంపన్న యువతి, ఆత్మలతో మాట్లాడతానని చెప్పే సెలీనా డాస్ అనే ఖైదీని ప్రేమిస్తుంది. మార్గరెట్ డైరీ నిండా ఇంటి పనిమనిషి వైగర్స్ ప్రస్తావన వస్తూనే ఉంటుంది. నీళ్లు తెచ్చింది, తలుపు తీసింది. సెలీనా పాత డైరీలో రూత్ అనే ఇంకో పనిమనిషి ఉంటుంది. రూత్, వైగర్స్ ఒకరేనని, సెలీనా అసలు ప్రేయసి ఆమేనని చివర్లో తెలుస్తుంది. అన్ని పేజీల్లో ఆమె కళ్లముందే ఉన్నా పాఠకుడు ఎందుకు పట్టుకోలేదు? మార్గరెట్ ఆమెను మనిషిగా చూడలేదు కాబట్టి మనమూ చూడలేదు. తన ప్రేమను లోకం చూడటం లేదని కుమిలిపోయే స్త్రీ, తన ఇంట్లో కాఫీ కప్పులు మోసే స్త్రీని చూడలేదు. నవల నైతికబలమంతా ఈ గుడ్డితనంలో ఉంది. కాగితం మీద రెండు పేర్లతో దాన్ని సాధించవచ్చు. తెర మీద నటికి ఒకే ముఖం ఉంటుంది. ఆ ముఖాన్ని దాచాలి, లేదా రహస్యాన్ని వదులుకోవాలి. 2008లో ఐటీవీలో వచ్చిన రూపాంతరానికి స్క్రిప్టు రాసిన ఆండ్రూ డేవిస్ కాకలు తీరిన రచయితే. అయినా ముఖాన్ని ఎంత జాగ్రత్తగా దాచినా అది తెరవెనుక మర్మంగానే మిగులుతుంది. పనిమనిషిని చూడకపోవడం నా తప్పే అన్న సిగ్గు ప్రేక్షకుడికి కలగదు, చూపించనిది కెమెరా కదా.

'టిప్పింగ్ ద వెల్వెట్' దగ్గరికి వచ్చేసరికి ఎదుటివాళ్ల వాదనకు చాలా బలముంది. విట్‌స్టబుల్ అనే రేవు ఊళ్లో ఆల్చిప్పలు ఒలిచే నాన్ అనే అమ్మాయి, మగవేషం కట్టి రంగస్థలం మీద పాడే కిట్టీని ప్రేమించి లండన్ చేరి, ఎన్నో మెట్లు దిగి, చివరికి తూర్పు లండన్ సోషలిస్టుల మధ్య ఫ్లోరెన్స్ అనే స్త్రీతో బతుకు కుదుర్చుకుంటుంది. ఈ కథనూ డేవిస్ స్క్రిప్టుతోనే 2002లో బీబీసీ ప్రసారం చేసింది. ప్రసారానికి ముందు ప్రచారమంతా పడకగది దృశ్యాల మీదే నడిచింది, సోషలిస్టు సభల మీద కాదు. కానీ ఆ సంవత్సరం గుర్తుంచుకోవాలి. స్థానిక సంస్థలు స్వలింగ ప్రేమను 'ప్రోత్సహించకూడదని' ఆదేశించిన 28వ సెక్షన్ ఇంగ్లండ్‌లో అప్పటికింకా అమల్లోనే ఉంది, 2003లో గానీ రద్దు కాలేదు. బడిలో టీచరు నోరెత్తడానికి జంకే విషయాన్ని జాతీయ టెలివిజన్ ముందుగదిలోకి తెచ్చింది. పుస్తకం చేరని ఇళ్లకు ఆ సీరియల్ చేరింది. కనబడటమే పెద్ద సంగతి అయినప్పుడు ఎవరి గొంతు, ఎవరి చూపు అని తర్కించడం తిండి దొరికినవాళ్ల పంచాయితీ కాదా అని అడగవచ్చు. ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. ఒంటరిగా ఉన్న పదహారేళ్ల పిల్లకు ఆ సీరియల్ ఇచ్చిన ధైర్యాన్ని ఏ విమర్శా తగ్గించలేదు. అయినా ప్రభువుల సభ భయపడింది ఆ ప్రేమ ఉండటం గురించి కాదు, ఆడవాళ్ల మధ్య ఆ మాట పాకడం గురించి. ఆష్బీ బీరువాల్లో స్త్రీలు కనిపించడానికి లోటేమీ లేదు. అక్కడ లేనిది వాళ్ల మాట. అందుకే కనబడటంతో పని పూర్తయిందని ఒప్పుకోలేను.

మగ దర్శకులు తీస్తే ఇంతే అని ఇంకొందరు తేల్చేస్తారు. దానికి సాక్ష్యం సరిపోదు. 'హ్యాండ్‌మైడెన్' స్క్రిప్టులో పార్క్‌తో పాటు జంగ్ సో-క్యంగ్ అనే రచయిత్రి చెయ్యి ఉంది. టాడ్ హేన్స్ తీసిన 'కెరల్' (2015) సంగతి చూడండి. ప్యాట్రీషియా హైస్మిత్ 1952లో మారుపేరుతో అచ్చువేయించిన 'ద ప్రైస్ ఆఫ్ సాల్ట్' దాని మూలం. రాసిననాటికి అది సమకాలీన నవల, తెరకెక్కేసరికి చరిత్ర అయింది. నవలంతా తెరీజ్ అనే అమ్మాయి కళ్లలోంచి నడుస్తుంది. కెరల్ లేనప్పుడు ఆమెకేం జరుగుతోందో మనకూ తెలియదు. నవలలో తెరీజ్ నాటకాలకు సెట్లు రూపొందించే అమ్మాయి, సినిమాలో ఫొటోగ్రాఫర్. ఫిలిస్ నాజ్ రాసిన స్క్రిప్టులోని ఈ చిన్న మార్పు ఎంత పని చేసిందో! చూసే హక్కు తెరీజ్ చేతికే వచ్చింది, కెమెరా రూపంలో. అద్దాల వెనుక నుంచి, వాన చుక్కల మధ్య నుంచి కెరల్‌ను మనం చూస్తున్నది తెరీజ్ చూపుతోనే. మరోవైపు బిడ్డ కోసం లాయర్ల ముందు కెరల్ నోరు విప్పే సన్నివేశాన్ని మనకు నేరుగా చూపించారు. నవలలో ఆ పోరాటం తెరీజ్‌కు దూరంగా జరిగి, కబురుగా చేరుతుంది. ఇక్కడ మూలాన్ని దాటారు, దాటడం వల్ల ఒకరికి బదులు ఇద్దరికి గొంతు వచ్చింది. నవల ఆధారం కాని 'జెంటిల్‌మన్ జాక్' (2019) సీరియల్‌నూ ఇక్కడే చెప్పాలి. ఆన్ లిస్టర్ అనే యార్క్‌షైర్ భూస్వామిని రాసుకున్న లక్షల మాటల డైరీ దాని ఆధారం. స్త్రీలతో తన ప్రేమ సంగతులను ఆమె సొంత రహస్యలిపిలో రాసుకుంది. సీరియల్ రాసిన సాలీ వెయిన్‌రైట్ చేసిన పని సాదాది: ఆన్ ఉన్నట్టుండి కెమెరా వైపు తిరిగి మనతో మాట్లాడుతుంది. డైరీలోని 'నేను' తెర మీద నిలబడింది. తెరకు ఇది చేతకాదనే మాట ఇక చెల్లదు.

మిగిలింది పడకగది దృశ్యాల సంగతి. వాటిని తీసేయాలని నేననడం లేదు. వాటర్స్ నవలలు దాపరికం లేనివి, ఆ దాపరికం లేకపోవడం వాటి ధైర్యంలో భాగం. సెన్సారు కత్తెర వేస్తే మళ్లీ 1921 నాటి మౌనంలోకే వెళతాం. అడగాల్సింది, ఆ దృశ్యం జరుగుతున్నప్పుడు మనల్ని ఎక్కడ కూర్చోబెట్టారని. 2013లో కాన్‌లో పామ్ డోర్ గెలిచిన 'బ్లూ ఈజ్ ద వార్మెస్ట్ కలర్'కు మూలమైన బొమ్మల నవలలో చనిపోయిన అమ్మాయి డైరీని ప్రేయసి చదువుతుంటే కథ విప్పుకుంటుంది. సినిమాలో డైరీ లేదు, సుదీర్ఘమైన శయ్యా దృశ్యాలున్నాయి. వాటిలో లెస్బియన్లే కనబడలేదని మూల రచయితే బాధపడింది. 'హ్యాండ్‌మైడెన్' దీనికన్నా ఎన్నో రెట్లు ఆలోచించి తీసిన సినిమా, నా లెక్కలో ఈ కోవలో వచ్చినవాటన్నిటికన్నా పెద్దది. కాబట్టే దాని ముగింపు నన్ను ఇబ్బంది పెడుతుంది. షాంఘై వెళ్లే ఓడలో ప్రేయసులిద్దరూ వెండి గంటలతో ఆడుకుంటారు. ఆ గంటలు అంతకుముందు మామయ్య సభలో హిడెకో మగవాళ్లకు చదివి వినిపించిన పుస్తకంలోవే. మగవాళ్ల కథను స్త్రీలు తమదిగా చేసుకున్నారని సమర్థించేవాళ్లున్నారు, వాళ్ల మాటలో బలముంది. కానీ ఆ దృశ్యంలో సుక్-హీ గొంతు లేదు, హిడెకో గొంతూ లేదు. చిత్రపటంలా తీర్చిన భంగిమలో ఇద్దరినీ మనం ఎదురుగా కూర్చుని చూస్తాం, ఆ సభలో పెద్దమనుషులు కూర్చున్నంత దూరంలోనే. నవల చివర సూ పాడుబడ్డ బ్రయర్‌కు తిరిగి వెళ్లేసరికి మాడ్ బల్ల దగ్గర కూర్చుని రాస్తూ ఉంటుంది. మామయ్య పోగుచేసిన లాంటి పుస్తకాలనే తన కోరికతో, తన మాటలతో రాసి, వాటితోనే పొట్ట పోసుకుంటోంది. ఆ కాగితంలో ఏముందో సూ కి మాట మాటా చూపిస్తుంది. బీబీసీ వాళ్లు ఆ రాతబల్లను వదల్లేదు. పార్క్ తన నాయికలకు డబ్బూ, స్వేచ్ఛా, ఓడా ఇచ్చాడు గానీ, పెద్దమనుషుల ముందు అన్నేళ్లు పుస్తకాలు చదివిన హిడెకో చేతికి కలం మాత్రం ఇవ్వలేదు.